రెడ్ హాట్ కాకముందే

సబ్‌స్టేషన్ సిబ్బంది వాడుకలో ‘రెడ్ హాట్’ అంటే వేడెక్కి ఎర్రబడిన జాయింటు. బస్‌బార్‌కు లైను కలిసే చోటో, ఏబీ స్విచ్ బ్లేడు దగ్గరో, జంపరు బిగించిన క్లాంపు దగ్గరో రాత్రి చీకట్లో ఎర్రటి చుక్క కనబడితే కరెంటు ఆపించి, లైన్ క్లియర్ తీసుకుని బాగుచేయడం పాత పద్ధతి. అందులో ఒక చిక్కుంది. ఏ లోహమైనా చీకట్లో కంటికి ఎర్రగా కనబడాలంటే దాని వేడి సుమారు 525 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలి. అల్యూమినియం 660 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది. కేబుల్ మీది పీవీసీ తొడుగు 70 డిగ్రీల వరకు, ఎక్స్‌ఎల్‌పీఈ తొడుగు 90 డిగ్రీల వరకు మాత్రమే నిత్యం తట్టుకునేలా తయారవుతాయి. అంటే తొడుగు చెడడం మొదలైన దగ్గర్నుంచి జాయింటు ఎర్రబడేదాకా నాలుగు వందల డిగ్రీలకు పైగా కంటికి ఏమీ తెలియదు. అపార్టుమెంటు మీటర్ల గదిలో నిన్నటిదాకా బాగానే ఉన్న బోర్డు ఒక వేసవి రాత్రి ఉన్నట్టుండి కాలిపోయిందంటే, దాని కారణం చాలాసార్లు ఆ రాత్రి పుట్టింది కాదు. వారాలుగా, ఒక్కోసారి నెలలుగా అక్కడ తీగ కొసకు బిగించిన ఒక లగ్గు కంటికి కనబడకుండా వేడెక్కుతూ ఉండి ఉంటుంది.

ఆ నాలుగు వందల డిగ్రీల మేరను చూపించడానికే థర్మల్ కెమెరా. కరెంటు ఆపకుండా, సామాన్లు విప్పకుండా, ముట్టుకోకుండా, దూరం నుంచే పని జరగడం దీని గొప్ప సౌకర్యం. అయితే అది చూపించే రంగుల బొమ్మను ఉన్నదున్నట్టు నమ్మేస్తే పొరపాటు పడటం కూడా అంతే తేలిక. కెమెరా ఏం కొలుస్తుందో తెలిస్తే ఆ రెండో సంగతి అర్థమవుతుంది.

ఎరుపుకు అవతల

1800లో ఇంగ్లండులో విలియం హెర్షెల్ అనే ఖగోళ శాస్త్రవేత్త ఎండను పట్టకంతో రంగులుగా విడదీసి, ఏ రంగులో వేడి ఎంతుందో థర్మామీటర్లతో కొలిచాడు. యురేనస్ గ్రహాన్ని కనిపెట్టింది ఈయనే. ఊదా నుంచి ఎరుపు వైపు వెళ్లేకొద్దీ వేడి పెరిగింది. ఎరుపు దాటాక, కంటికి ఏ వెలుగూ లేని చోట పెట్టిన థర్మామీటరులో అది ఇంకా ఎక్కువగా కనిపించింది. కంటికి అందని ఆ కిరణాలనే పరారుణ కిరణాలు అంటున్నాం.

ఈ కిరణాలు ఎండలోనే ఉంటాయనుకోకూడదు. మంచుగడ్డతో సహా ప్రతి వస్తువూ తన వేడిని బట్టి కొంత శక్తిని కిరణాలుగా వదులుతూనే ఉంటుంది. మనిషి కన్ను 0.4 నుంచి 0.7 మైక్రాన్ల పొడవున్న తరంగాలనే పట్టగలదు. గది వేడిలో ఉన్న గోడ, బల్ల, స్విచ్‌బోర్డు ఎక్కువగా వదిలేవి పది మైక్రాన్ల ప్రాంతంలోని తరంగాలు. వస్తువు వేడెక్కేకొద్దీ ఈ తరంగాల పొడవు తగ్గుతూ వస్తుంది. 525 డిగ్రీల దగ్గర వాటిలో కొద్ది భాగం కంటి హద్దులోకి అడుగుపెడుతుంది, అప్పుడే మనకు ఎర్రగా తోస్తుంది. వస్తువు వదిలే మొత్తం శక్తి కూడా వేడితోపాటు చాలా వేగంగా పెరుగుతుంది. అందుకే పది డిగ్రీల తేడా కూడా కెమెరాకు స్పష్టంగా అందుతుంది.

గాలి కూడా ఇందుకు అనుకూలిస్తుంది. పరారుణ కిరణాల్లో చాలా వాటిని గాలిలోని నీటి ఆవిరి, బొగ్గుపులుసు వాయువు మింగేస్తాయి. కానీ 8 నుంచి 14 మైక్రాన్ల మధ్య కిరణాలు దాదాపు అడ్డులేకుండా సాగిపోతాయి. తనిఖీలకు వాడే కెమెరాల్లో ఎక్కువ భాగం ఆ సందులోంచే చూస్తాయి.

కెమెరా లోపల

మామూలు గాజు ఈ కిరణాలకు గోడతో సమానం. అందుకే థర్మల్ కెమెరా లెన్సును జెర్మేనియంతో చేస్తారు. చూడటానికి అది నిగనిగలాడే లోహపు బిళ్లలా ఉంటుంది, దానిలోంచి కంటికి ఏమీ కనబడదు. పరారుణ కిరణాలు మాత్రం సాఫీగా లోపలికి పోతాయి. కెమెరా ధర పెరగడానికి ఈ లెన్సు ఒక ముఖ్య కారణం.

లెన్సు వెనక ఉన్న చిప్ మీద వేల కొద్దీ చిన్న పలకలు వరసలుగా ఉంటాయి. ఒక్కో పలక వెడల్పు 12 లేదా 17 మైక్రాన్లు. ప్రతి పలకా రెండు సన్నని కాళ్ల మీద చిప్‌ను తాకకుండా నిలబడి ఉంటుంది. తనకు అందిన వేడి పక్కలకు జారిపోకుండా చుట్టూ గాలి లేకుండా చేస్తారు. పలక మీద వెనేడియం ఆక్సైడు పూత ఉంటుంది. ఒక డిగ్రీ వేడెక్కితే దాని విద్యుత్ నిరోధం సుమారు రెండు శాతం తగ్గుతుంది. ఎదురుగా ఉన్న లగ్గు వేడి పెరిగితే ఆ బిందువుకు సంబంధించిన పలక రవ్వంత వేడెక్కుతుంది, నిరోధం రవ్వంత మారుతుంది, ఆ మార్పును చిప్ లెక్కగట్టి డిగ్రీలుగా మారుస్తుంది. మంచి కెమెరా 0.05 డిగ్రీల తేడాను కూడా పట్టగలదు. కెమెరా వాడుతుంటే మధ్యమధ్య ‘టిక్’ మని చప్పుడై బొమ్మ క్షణంపాటు ఆగిపోతుంది. అది చెడిపోయిన గుర్తు కాదు. ఒకే వేడి ఉన్న చిన్న రేకు పలకల ముందుకు వచ్చి, వాటన్నిటినీ ఒకే లెక్కకు సరిచేసి వెళ్తుంది.

ఈ పరికరం చేతిలో పట్టేంత చిన్నదవడానికి చాలా కాలం పట్టింది. 1965లో స్వీడన్‌లో ఏజీఏ కంపెనీ కరెంటు లైన్ల తనిఖీ కోసం అమ్మిన తొలి కెమెరాల్లో గ్రాహకాన్ని సున్నాకు 196 డిగ్రీలు కింద ఉండే ద్రవ నైట్రోజన్‌తో చల్లబరచాల్సి వచ్చేది. చల్లబరచనక్కరలేని పలకల చిప్ 1980లలో అమెరికాలో హనీవెల్ కంపెనీ రక్షణ శాఖ కోసం తయారుచేసింది. 1990లలో అది పౌర అవసరాలకు అందుబాటులోకి వచ్చాకే ఈ కెమెరా ఎలక్ట్రీషియన్ సంచిలోకి చేరింది.

జాయింటు ఎందుకు వేడెక్కుతుంది

రెండు లోహపు ముఖాలను బోల్టుతో ఎంత గట్టిగా బిగించినా అవి నిండుగా ఆనుకోవు. నున్నగా కనిపించే రాగి ముఖం కూడా సూక్ష్మంగా చూస్తే ఎగుడుదిగుడు. ఎత్తైన చోట్ల మాత్రమే ఒకదాన్నొకటి తాకుతాయి, కరెంటంతా ఆ కొద్ది బిందువుల గుండానే దాటాలి. సినిమా హాల్లో ఆట వదిలాక ఒకే తలుపు తెరిస్తే జనం అక్కడ తోసుకున్నట్టు, కరెంటు ఆ బిందువుల దగ్గర ఇరుకునపడుతుంది. ఆ ఇరుకే నిరోధం. నిరోధం ఉన్న చోట వేడి పుడుతుంది.

బాగా బిగిసిన జాయింటు నిరోధం ఓమ్‌లో లక్షో వంతుల్లో ఉంటుంది. 20 మైక్రో ఓమ్‌ల జాయింటు గుండా 200 ఆంపియర్లు పోతే ఒక వాట్ కన్నా తక్కువ వేడి పుడుతుంది, పక్కనున్న గాలే దాన్ని తీసుకుపోతుంది. అదే జాయింటు వదులై నిరోధం ఒక మిల్లీ ఓమ్‌కు పెరిగితే అదే కరెంటుకు 40 వాట్లు. వేలెడంత లోహపు ముక్కలో 40 వాట్లంటే చిన్న సోల్డరింగ్ ఐరన్ అక్కడ నిత్యం కాలుతున్నట్టే లెక్క.

ఇక్కడి నుంచి విషయం తనంతట తానే ముదురుతుంది. వేడికి లోహపు ముఖాల మీద ఆక్సైడు పొర పెరుగుతుంది. రాగి ఆక్సైడు కరెంటును సరిగా పోనివ్వదు, అల్యూమినియం ఆక్సైడు అసలే పోనివ్వదు. నిరోధం పెరిగి వేడి ఇంకా పెరుగుతుంది. పగలు లోడు ఎక్కినప్పుడు జాయింటు వ్యాకోచిస్తుంది, అర్ధరాత్రి దాటాక సంకోచిస్తుంది, ప్రతి మారుకూ బోల్టు పట్టు కొద్దికొద్దిగా సడలుతుంది. రాగి లగ్గుకు అల్యూమినియం తీగ కలిపిన చోట ఇది మరీ ఎక్కువ. డిగ్రీ డిగ్రీకీ అల్యూమినియం రాగి కన్నా దాదాపు మూడో వంతు ఎక్కువగా వ్యాకోచిస్తుంది. తేమ తగిలితే ఆ రెండు లోహాల మధ్య తుప్పు కూడా మొదలవుతుంది. ఒక వైపు రాగి, ఇంకో వైపు అల్యూమినియం ఉండే బైమెటాలిక్ లగ్గులు ఇందుకే వచ్చాయి. నాలుగు రూపాయలు మిగులుతాయని వాటిని పక్కన పెట్టడం ఏ విధంగానూ సమర్థించుకోలేని పొదుపు.

బొమ్మను చదవడం

థర్మల్ బొమ్మలో ఎరుపు, పసుపు, నీలం రంగులు కెమెరా కృత్రిమంగా వేసినవి. ఫ్రేములో ఉన్న అతి తక్కువ వేడికి ఒక కొసన రంగు, అతి ఎక్కువ వేడికి రెండో కొసన రంగు వేసి మధ్యవి సర్దేస్తుంది. ఫ్రేములో అన్నీ 34, 36 డిగ్రీల మధ్యే ఉన్నా 36 డిగ్రీల వస్తువు అగ్గిలా మండుతున్నట్టు కనబడుతుంది. రిపోర్టులో ఎర్రటి బొమ్మ చూసి యజమాని కంగారుపడటం, ఆ కంగారును చూసి అనవసరమైన పని అంటగట్టడం రెండూ జరుగుతుంటాయి. ముందుగా చూడాల్సింది పక్కనున్న కొలబద్ద మీది అంకెలను.

రెండోది పోలిక. మూడు ఫేజుల బ్రేకరు కింద మూడు లగ్గులు ఒకేలాంటివి, ఒకేచోట ఉన్నవి. ఆర్ ఫేజు లగ్గు 48 డిగ్రీలు, వై ఫేజు 47, బీ ఫేజు 71 చూపించాయనుకుందాం. ఇప్పుడే క్లాంప్ మీటరుతో మూడింటిలో కరెంటు ఎంతుందో చూడాలి. మూడూ దాదాపు సమానమైతే బీ ఫేజు జాయింటులో తప్పుంది. బీ ఫేజులోనే కరెంటు చాలా ఎక్కువగా ఉంటే జాయింటు మంచిదే కావచ్చు, లోడును మూడు ఫేజులకూ సర్దాల్సి ఉంటుంది. వేడి ఎలా పరుచుకుందన్నది మరో ఆధారం. లగ్గు దగ్గర ఎక్కువగా ఉండి తీగ వెంట పోయేకొద్దీ తగ్గితే తప్పు లగ్గులోనే ఉంది. తీగంతా ఒకే తీరున వేడిగా ఉంటే అది ఓవర్‌లోడు. ఆ తీగకు ఎన్నిసార్లు లగ్గు మార్చినా లాభం లేదు. ఒక్కోసారి అన్నిటికన్నా చల్లగా ఉన్నదే అసలు దోషి: కాలిపోయిన ఫ్యూజులో కరెంటు ఉండదు కాబట్టి వేడీ ఉండదు.

ఎంత తేడా వస్తే ఎంత తొందరపడాలన్నదానికి అమెరికాలోని నేటా అనే విద్యుత్ పరీక్షల సంస్థ ఇచ్చిన కొలతను చాలా దేశాల్లో వాడతారు. ఒకేలాంటి రెండు భాగాల మధ్య, ఒకేలాంటి లోడు మీద, 1 నుంచి 3 డిగ్రీల తేడా ఉంటే గమనించి పరిశీలించాలి. 4 నుంచి 15 డిగ్రీలైతే లోపం ఉండి ఉంటుంది, వీలు చూసుకుని బాగుచేయాలి. 15 దాటితే వెంటనే చేయాలి. ఈ అంకెలు బయటికి నేరుగా కనబడే జాయింట్లకు పనికొస్తాయి. లైట్నింగ్ అరెస్టరు వంటి వాటిలో వేడి లోపల పుట్టి పింగాణీ దాటి బయటికి రావాలి. అక్కడ రెండు మూడు డిగ్రీల తేడాను కూడా తేలిగ్గా తీసుకోకూడదు. ట్రాన్స్‌ఫార్మరులో ట్యాప్ చేంజరు గది మెయిన్ ట్యాంకు కన్నా చల్లగా ఉండాలి. వేడిగా కనబడిందంటే లోపలి కాంటాక్టులు అరిగాయేమోనని చూడాలి. రేడియేటరు రెక్కలు పైన వేడిగా, కింద చల్లగా ఉండటం సహజం. ఒక వరస రెక్కలు మొత్తం చల్లగా ఉంటే అక్కడికి నూనె చేరడం లేదు. వాల్వు మూసుకుపోయిందో, నూనె మట్టం తగ్గిందో తేల్చుకోవాలి.

లోడు సంగతి మరచిపోతే పై లెక్కలన్నీ వృథా. కరెంటు రెట్టింపైతే పుట్టే వేడి నాలుగింతలు. 100 ఆంపియర్ల దగ్గర పరిసరాల కన్నా 20 డిగ్రీలు ఎక్కువ చూపిన జాయింటు 200 ఆంపియర్ల దగ్గర 80 డిగ్రీలకు దగ్గర పడగలదు. వేడి పెరిగేకొద్దీ గాలి కూడా ఎక్కువ చల్లబరుస్తుంది కనుక నిజంలో కొంచెం తగ్గుతుంది. అందుచేత పూర్తి లోడులో కనీసం 40 శాతమైనా ఉన్నప్పుడే తనిఖీ చేయాలన్నది వాడుకలో ఉన్న నియమం. అపార్టుమెంటు బోర్డును ఉదయం పదకొండు గంటలకు చూసి బాగుందని రాసివ్వడం కన్నా, ఏప్రిల్, మే నెలల్లో ఇంటింటా ఏసీలు నడుస్తున్న రాత్రి తొమ్మిదింటికి చూడటం వంద రెట్లు మేలు.

> స్టీలు గ్లాసు పరీక్ష
>
> మెరిసే స్టీలు గ్లాసు మీద ఒక పక్క నల్లటి ఇన్సులేషన్ టేపు ముక్క అంటించి, గ్లాసు నిండా బాగా వేడి నీళ్లు పోసి థర్మల్ కెమెరాతో చూస్తే, టేపు ఉన్న చోట అసలు వేడికి దగ్గరి అంకె కనబడుతుంది. పక్కనే ఉన్న స్టీలు మాత్రం గది వేడికి దగ్గరగా, చల్లగా కనబడుతుంది. రెండింటి వేడీ నిజానికి దాదాపు ఒకటే.
>
> ఒకే వేడిలో ఉన్నా అన్ని ఉపరితలాలూ ఒకేలా కిరణాలు వదలవు. టేపు, రంగు వేసిన రేకు, ఇటుక, మనిషి చర్మం వదలగలిగినదానిలో 90 శాతానికి పైగా వదులుతాయి. పాలిష్ చేసిన రాగి, అల్యూమినియం 5 శాతం అటూఇటూగా వదులుతాయి. మిగతాదంతా చుట్టుపక్కల వాటి ప్రతిబింబం. కొత్త బస్‌బార్ మీద కనబడే ‘వేడి మచ్చ’ ఒక్కోసారి ఎదురుగా నిలబడ్డ మనిషి ఒంటి వేడే. ఆ మనిషి పక్కకు జరిగితే మచ్చా జరుగుతుంది.
>
> అనుభవజ్ఞులు అందుకే మెరిసే లోహాన్ని వదిలేసి దాని పక్కనున్న కేబుల్ తొడుగునో, లగ్గు మీది స్లీవునో, బోల్టు సందులోని లోతైన చోటునో కొలుస్తారు. కరెంటు ఆపి ఉన్న సమయంలో ముందే టేపు ముక్కో, రంగు చుక్కో వేసి పెట్టుకోవడం మరో పద్ధతి.

గోడల్లో, స్లాబుల్లో

భవనాల్లో థర్మల్ కెమెరాకు ఎక్కువ పని చెప్పేది నీటి చెమ్మ. బాత్‌రూము కింది గదిలో సీలింగు మీద చెమ్మ మచ్చ ఒకచోట ఉంటుంది, లీకు ఇంకెక్కడో ఉంటుంది. స్లాబులో నీరు కంకరల మధ్య సందు దొరికిన చోటికి పాకిపోయి, అనుకోని మూల నుంచి బయటపడుతుంది. మచ్చ పైనున్న టైల్సు మొత్తం పగలగొట్టాక లీకు అక్కడ లేదని తేలడం చాలా ఇళ్లకు అనుభవమే.

కెమెరా గోడలోకి చూడలేదు. ఎక్స్‌రే మాదిరిగా లోపలి పైపులు చూపిస్తుందన్న ప్రచారం నిజం కాదు. అది చూసేది పైపైన ఉన్న పొర వేడిని మాత్రమే. అయితే లోపలి నీరు ఆ పొర వేడిని మారుస్తుంది. చెమ్మ ఆవిరవుతూ గోడ నుంచి వేడిని లాక్కుంటుంది, కాబట్టి తడి మేర పొడి గోడ కన్నా ఒకటి రెండు డిగ్రీలు చల్లగా కనబడుతుంది. గది పొడిగా ఉండి గాలి ఆడుతుంటే ఈ తేడా బాగా తెలుస్తుంది. వానాకాలంలో గాలి నిండా తేమ ఉన్నప్పుడు ఆవిరవడం తగ్గి తేడా కూడా తగ్గుతుంది.

డాబా మీద ఈ లెక్క తిరగబడుతుంది. కాంక్రీటును ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి కన్నా అంతే బరువు నీటికి దాదాపు అయిదు రెట్లు కావాలి. పగలంతా ఎండ కాసిన డాబా మీద, వాటర్‌ప్రూఫింగ్ పొర కింద నీరు చేరిన చోటు ఆ వేడినంతా దాచుకుంటుంది. పొద్దు గుంకాక పొడి చోట్లు త్వరగా చల్లబడతాయి, తడి చోటు ఇంకా వెచ్చగా మిగిలి కెమెరాలో స్పష్టంగా బయటపడుతుంది. సూర్యాస్తమయం తర్వాత రెండు మూడు గంటలు దీనికి మంచి సమయం, ఆకాశం నిర్మలంగా ఉండాలి, గాలి తక్కువగా ఉండాలి. ఉదయం ఎనిమిదింటికి అదే డాబా మీద నడిచి ఏమీ కనబడలేదని చెప్పడంలో కెమెరా తప్పేమీ లేదు.

గోడ నుంచి ఊడిన ప్లాస్టరు, బోలుపడ్డ టైల్సు కూడా ఎండలోనే దొరుకుతాయి. ఊడిన పొర వెనక గాలి సందు ఉంటుంది, పడిన వేడి గోడ లోపలికి పోలేక అక్కడే ఆగి, ఆ మేర చుట్టుపక్కల కన్నా ముందే వేడెక్కుతుంది. పైఅంతస్తుల్లో మనిషి ఎక్కి సుత్తితో తట్టి చూడలేని చోట ఇది ఎంతో ఉపయోగపడుతుంది. గీజరు నీళ్ల పైపు లీకైతే పదిహేను నిమిషాలు వేడి నీళ్లు వదిలి చూస్తే గోడ మీద పైపు దారి వెచ్చని గీతలా తేలుతుంది, లీకు ఉన్న చోట గీత మచ్చలా వెడల్పవుతుంది. చల్లనీళ్ల పైపుకు ఈ ఉపాయం పనిచేయదు.

ఏ చల్లని మచ్చనూ చూడగానే చెమ్మ అనుకోకూడదు. ఏసీ గాలి నేరుగా తగిలే మూల, గోడలో దాగిన కాంక్రీటు దూలం కూడా చల్లగా కనబడతాయి. అక్కడ మాయిశ్చర్ మీటరు గుచ్చి చూసి ఖాయం చేసుకున్నాకే గోడ పగలగొట్టాలి.

ఎండ కింది పలకలు

కర్నూలు అల్ట్రా మెగా సోలార్ పార్కు సామర్థ్యం 1000 మెగావాట్లు. అలాంటి చోట లక్షల కొద్దీ సోలార్ పలకలను ఒక్కొక్కటిగా మీటరుతో పరీక్షించడం కుదిరే పని కాదు. డ్రోనుకు థర్మల్ కెమెరా కట్టి వరసల మీదుగా పంపితే చెడిన పలకలు తమంతట తామే బయటపడతాయి. బాగున్న పలక తన మీద పడిన ఎండలో కొంత భాగాన్ని కరెంటుగా బయటికి పంపేస్తుంది. కరెంటు పోయే దారి తెగిన పలకలో ఆ భాగం కూడా వేడిగానే మిగిలిపోతుంది, అందుకే పక్కవాటి కన్నా కొన్ని డిగ్రీలు వెచ్చగా ఉంటుంది. పలకలో మూడో వంతు మాత్రమే వెచ్చగా ఉంటే ఒక బైపాస్ డయోడు పరిధిలోని గడులు (సెల్స్) పక్కకు తప్పుకున్నాయని అర్థం. ఒకే గడి బాగా వేడెక్కితే పగులో, నీడో, పక్షి రెట్టో చూడాలి. నీడ పడిన గడి కరెంటు ఇవ్వడం మాని మిగతా గడుల కరెంటును తింటూ వేడెక్కుతుంది. ఈ తనిఖీకి చదరపు మీటరుకు కనీసం 600 వాట్ల ఎండ ఉండాలని అంతర్జాతీయ ప్రమాణం చెబుతుంది.

దూరం, అడ్డంకులు, ఆ తర్వాతి పని

దూరం పెరిగేకొద్దీ కొలత పలచబడుతుంది. 24 డిగ్రీల లెన్సు, అడ్డంగా 320 చుక్కలు ఉన్న కెమెరా 10 మీటర్ల నుంచి చూస్తే ఒక్కో చుక్క సుమారు 13 మిల్లీమీటర్ల మేరను చూస్తుంది. నమ్మదగిన కొలతకు వేడి ప్రాంతం కనీసం మూడు చుక్కల వెడల్పు, మూడు చుక్కల ఎత్తు నిండాలి, అంటే దాదాపు 4 సెంటీమీటర్లు. నేల మీద నిలబడి పైనున్న చిన్న క్లాంపును కొలిస్తే దాని వేడి, వెనకున్న చల్లని ఆకాశం కలిసిపోయి అంకె తగ్గిపోతుంది. టెలిఫోటో లెన్సు లేకుండా చేసిన లైన్ల తనిఖీలో వేడి లేదన్న మాటకు విలువ తక్కువ. గాలి వీస్తున్న రోజున కూడా అంతే.

ప్యానెల్ తలుపు మూసి ఉంటే లోపలి లగ్గు కనబడదు, ముందున్న పారదర్శక అక్రిలిక్ షీటు కూడా ఈ కిరణాలను ఆపేస్తుంది. లోడు మీద ఉన్న ప్యానెల్ తెరవడం ప్రాణాపాయంతో కూడిన వ్యవహారం. శిక్షణ, రక్షణ దుస్తులు ఉన్నవాళ్లు తప్ప ఇంకెవరూ చేయకూడదు. పెద్ద ప్యానెళ్లకు పరారుణ కిరణాలను పోనిచ్చే ప్రత్యేక కిటికీలు అమర్చుకుంటే తలుపు తెరవనక్కరలేదు.

తప్పు దొరికాక చాలామంది చేసే పని బోల్టును ఇంకాస్త బిగించడం. అల్యూమినియం లగ్గు మీద అతిగా బిగిస్తే లోహం నలిగి కొన్నాళ్లకు మళ్లీ వదులవుతుంది. ఆక్సైడు పట్టిన ముఖాలు ఎంత బిగించినా సరిగా కలవవు. కరెంటు ఆపి, జాయింటు విప్పి, ముఖాలు శుభ్రం చేసి, కాలి నల్లబడ్డ లగ్గును మార్చి, జాయింటు కాంపౌండు రాసి, తయారీదారు చెప్పిన కొలతకు టార్క్ రెంచితో బిగించాలి. తర్వాత మునుపటి లోడు వచ్చేదాకా ఆగి, అదే దూరం నుంచి, అదే కోణంలో మళ్లీ బొమ్మ తీసి, పాత బొమ్మ పక్కన పెట్టి చూడాలి. తీసినప్పటి ఆంపియర్లు, గది వేడి రెండు బొమ్మల కిందా రాసి ఉండాలి. అవి లేకపోతే ఆ రెండు బొమ్మలనూ పోల్చడానికి వీలుండదు.